ఎల్‌ఎంఐఏ కోసం కాగితం మీద గంటకు 36 డాలర్లు, చేతికి మాత్రం పాత జీతమే అంటున్నారు. సంతకం పెట్టొచ్చా?

గరిటె_బాబు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను టొరంటో దగ్గర ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో కుక్‌ని. 2024 వేసవిలో ఎల్‌ఎంఐఏ (విదేశీ వర్కర్‌ని పెట్టుకోవడానికి యజమాని తీసుకునే కెనడా ప్రభుత్వ అనుమతి) మీద వచ్చాను. రెండేళ్ల క్లోజ్డ్ వర్క్ పర్మిట్ (ఆ ఒక్క యజమాని దగ్గరే పని చేయాలి), ఈ జూలైతో అయిపోతుంది. కాంట్రాక్టులో గంటకు 18.50 డాలర్లు, వారానికి 40 గంటలు అని ఉంది. జరిగేది వేరు. పొద్దున పదిన్నరకి కిచెన్‌లో అడుగుపెడితే బయటపడేది రాత్రి పదిన్నరకి. మధ్యలో రెండు గంటలు ఖాళీ. ఇలా వారానికి ఆరు రోజులు. అంటే 60 గంటలు. పే స్టబ్ (జీతం చీటీ) మీద మాత్రం 40 గంటలే ఉంటుంది. మిగతా 20 గంటలకు గంటకు 10 డాలర్ల చొప్పున కవర్‌లో పెట్టి ఇస్తారు. శనివారం, ఆదివారం రెండో బ్రాంచ్‌కి పంపిస్తారు. నా పాస్‌పోర్టు 'పోతుందేమో' అని ఆఫీసు లాకర్‌లో పెట్టుకున్నారు.

పోయిన వారం ఓనర్ గారు పిలిచి మాట్లాడారు. టొరంటోలో లో-వేజ్ (తక్కువ జీతం) ఎల్‌ఎంఐఏలు ఇప్పుడు తీసుకోవడం లేదట, హై-వేజ్ (ఎక్కువ జీతం)లో పెడితేనే నన్ను ఉంచుకోగలరట. అందుకని జీతం గంటకు 36 అని చూపిస్తారు. రెండు వారాలకోసారి ఆ లెక్కనే నా అకౌంట్‌లో పడుతుంది. నా పాత జీతం నేను ఉంచుకుని, మిగతాది క్యాష్ తీసి ఆయనకు ఇచ్చేయాలి. ఎల్‌ఎంఐఏ ఫీజు 1,000, ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌కి 6,000 కూడా నేనే పెట్టుకోవాలి. ఇదంతా నా మంచికేనని చెప్తున్నారు. ఎల్‌ఎంఐఏ ఉంటే పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) 50 పాయింట్లు కలుస్తాయట, హై-వేజ్ అయితే మా ఆవిడకి ఓపెన్ వర్క్ పర్మిట్ (ఎవరి దగ్గరైనా పని చేసుకునేది) వస్తుందట. ఆవిడ, పాప ఇంకా ఇండియాలోనే ఉన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట దగ్గరే మెత్తబడ్డాను.

ఇది ఎంత వరకు సేఫ్? కాదంటే నన్ను వెనక్కి పంపించేస్తారా? మధ్యలో వేరే చోటికి మారే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జీతాల_జానకి

తమ్ముడూ, సంతకం పెట్టకు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు ఆ మాటల్లో ఏది నిజం, ఏది కాదో విడదీద్దాం. నేను మిస్సిసాగాలో చిన్న వ్యాపారాలకు పేరోల్ చేస్తాను. రెస్టారెంట్లు, ట్రక్కులు, డేకేర్లు. ఈ 36 కథ నాకు కొత్త కాదు.

లో-వేజ్ తీసుకోవడం లేదన్నది నిజమే. 2024 సెప్టెంబర్ 26 నుంచి, నిరుద్యోగం 6 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్న పెద్ద నగర ప్రాంతాల్లో లో-వేజ్ దరఖాస్తుల్ని అసలు పరిశీలించడం లేదు. వ్యవసాయం, ఫుడ్ ప్రాసెసింగ్, కన్‌స్ట్రక్షన్, హెల్త్‌కేర్ లాంటి వాటికి మినహాయింపు ఉంది, రెస్టారెంట్లకు లేదు. ఆ లిస్టు మూడు నెలలకోసారి మారుతుంది. టొరంటో మొదటి నుంచీ అందులోనే ఉంది. 36 కూడా ఆయన కల్పించిన అంకె కాదు. ప్రావిన్స్ (రాష్ట్రం) మీడియన్ వేతనానికి, అంటే మధ్యస్థ జీతానికి, 20 శాతం కలిపి హై-వేజ్ గీత గీస్తారు. టొరంటో ఉన్న ఆంటారియోలో అది 2024 నవంబర్ 8 నుంచి 34.07 ఉండేది, 2025 జూన్ 27 నుంచి 36 డాలర్లు అయింది. గీత దాటితే 6 శాతం రూలు తగలదు. ఆయనకు కావలసింది అదే.

ఆయన చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. ఎల్‌ఎంఐఏలో రాసిన జీతం నిజంగా ఇవ్వాలి, నిజంగా నీ దగ్గరే ఉండాలి. బ్యాంకులో పడి మళ్లీ క్యాష్‌గా వెనక్కి వెళ్తే అది జీతం కాదు.

ఇక లెక్క చూడు. 36 చొప్పున వారానికి 40 గంటలు, 52 వారాలు. ఏడాదికి 74,880. నీ 18.50 లెక్కన 38,480. తేడా 36,400. ఈ తేడా మీద ఇన్‌కమ్ టాక్స్, సీపీపీ (పింఛను చందా), ఈఐ (నిరుద్యోగ బీమా చందా) పోగా నీ చేతికి వచ్చేది సుమారు పాతిక వేలు. తేడా మొత్తం క్యాష్‌గా ఇచ్చెయ్ అన్నాడనుకో, దాదాపు పదకొండు వేలు నీ పాత జీతంలోంచే పోతాయి. కాదు, టాక్స్ పోగా మిగిలిందే ఇవ్వమన్నాడనుకో, అప్పుడు కూడా నీ టీ4 (ఏడాది జీతం చూపే టాక్స్ కాగితం) మీద 74,880 ఉంటుంది. రేపు పాప ఇక్కడికి వస్తే చైల్డ్ బెనిఫిట్ ఆ ఆదాయం చూసి లెక్కేస్తారు, నువ్వు తిన్న ఆదాయం చూసి కాదు. ఇంత చేసి ఆయన మాత్రం 36 లెక్కన నీకిచ్చిన జీతాన్ని తన ఖర్చు కింద చూపించుకుంటాడు, క్యాష్ జేబులో వేసుకుంటాడు. ఈ ప్లాన్ తయారు చేసిన ఆ కన్సల్టెంట్‌కి నీ దగ్గర్నుంచే 6,000. ఎవరి మంచికో నువ్వే చెప్పు.

దొరికితే ఏమవుతుంది? యజమానికి ఒక్కో ఉల్లంఘనకు 500 నుంచి లక్ష డాలర్ల దాకా జరిమానా, ఏడాదికి గరిష్ఠం పది లక్షలు. ఏడాది నుంచి శాశ్వతం దాకా నిషేధం పడొచ్చు. కంపెనీ పేరు, అడ్రసు ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడతారు. అది ఆయన తలనొప్పి. నీది వేరే. తప్పు సమాచారంతో పర్మిట్ తీసుకున్నావని తేలితే మిస్‌రిప్రజెంటేషన్ కింద ఐదేళ్ల పాటు కెనడా తలుపు మూసేస్తారు. ఎల్‌ఎంఐఏ ఫామ్ నింపింది ఆయనే అయినా, ఆ జీతం చూపించి పర్మిట్‌కి అప్లై చేసేది నువ్వు. కింద సంతకం నీది.

1,000 డాలర్ల ఫీజు సంగతి: అది యజమాని కట్టాల్సిందే, వర్కర్ దగ్గర వసూలు చేయకూడదని రూల్లోనే ఉంది. నియామకం పేరుతో కన్సల్టెంట్ నీ దగ్గర డబ్బు తీసుకోవడం కూడా ఆంటారియోలో నిషేధం. పాస్‌పోర్టు పెట్టుకోవడం కూడా అంతే, 'సేఫ్టీ' అనే సాకు చెల్లదు. ఈ రెండూ విదేశీ ఉద్యోగుల రక్షణ చట్టంలో ఉన్నాయి. 2009లో కేర్‌గివర్ల కోసం తెచ్చారు, 2015 నవంబర్ నుంచి ఇమిగ్రేషన్ ప్రోగ్రాముల మీద వచ్చే అందరికీ వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు దొంగతనం. నువ్వు దాన్ని మామూలుగా రాసేశావు కానీ నాకు అదే ఎక్కువ మండింది. ఆంటారియోలో వారానికి 44 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. 44 గంటలకు 18.50 చొప్పున 814. మిగతా 16 గంటలకు 27.75 చొప్పున 444. మొత్తం 1,258. నీకు వస్తున్నది 740 చెక్కు, 200 కవర్. వారానికి 318 డాలర్లు ఎగ్గొడుతున్నారు. గంటకు 10 అనేది ఎక్కడా చెల్లదు, ఆంటారియో కనీస వేతనమే 2025 అక్టోబర్ 1 నుంచి 17.60. టిప్పుల్లో సర్దుతున్నాం అని కూడా అనొచ్చు. టిప్పులు, బోనస్, ఓవర్‌టైమ్ ఇవేవీ ఎల్‌ఎంఐఏ జీతం లెక్కలోకి రావు, గ్యారంటీ జీతమే లెక్క.

ఇంకో పని చెయ్. జాబ్ బ్యాంక్ (ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల) సైట్‌లో 'కుక్' అని కొట్టి, టొరంటో ప్రాంతం మీడియన్ ఎంతో చూడు. 2024 జనవరి నుంచి యజమాని ఏడాదికోసారి ప్రస్తుత రేటు చూసి జీతం సరిచేయాలి. రెండేళ్లుగా 18.50 కదలలేదంటే అదీ అడగాల్సిందే. పక్కన అదే పని చేసే కుక్‌కి ఇంకా ఎక్కువ ఇస్తుంటే నీకూ ఆ రేటే రావాలి.

బ్రాంప్టన్_బుల్లోడు

బ్రో, ఇక్కడ అందరూ రూల్సే చెప్తారు, రెంటు ఎవరూ కట్టరు. నీతో సూటిగా మాట్లాడతా. మన వాళ్లలో చాలామంది ఇలాగే సర్దుకుని పీఆర్ తెచ్చుకున్నారు, ఇప్పుడు ఇళ్లు కొనుక్కున్నారు. కంప్లెయింట్ అంటూ పెడితే ఆ రెస్టారెంట్ మూతపడుతుంది, దాంట్లో నీలాంటి మిగతా కుక్‌ల పర్మిట్లు ఏమవుతాయి? ఓనర్లకి గ్రూపులుంటాయి, నీ పేరు తిరుగుతుంది. ఒక ఏడాది కళ్లు మూసుకో. టాక్స్ పోగా మిగిలిందే ఇస్తానని బేరం మాత్రం ఆడు.

మూడు_టేబుళ్ల_హోటలు

బాబు గారూ, నేను ఓనర్ల వైపు మనిషిని. ఆంటారియోలోనే ఒక చిన్న టౌన్‌లో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను, ఒక కుక్‌ని ఎల్‌ఎంఐఏ మీదే తీసుకున్నాను. ఓనర్లందరూ దొంగలని రాయకండి, కానీ మీ ఓనర్ చెప్పేది పని చేయదు. ఎలాగో చెప్తాను.

హై-వేజ్ పెట్టాలంటే ముందు జాబ్ బ్యాంక్‌లో, ఇంకో రెండు చోట్ల కనీసం నాలుగు వారాలు ప్రకటన ఇవ్వాలి. ప్రకటనలో జీతం రాయాలి. టొరంటోలో కుక్ ఉద్యోగం, గంటకు 36 అని పెడితే ఏమవుతుందో ఊహించండి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఊరికే కూర్చున్న పిల్లల దగ్గర్నుంచి పెద్ద హోటళ్ల షెఫ్‌ల దాకా రెజ్యూమెలు వచ్చి పడతాయి. వాళ్లలో ఒక్కరూ పనికిరాలేదని సర్వీస్ కెనడాకి (ఎల్‌ఎంఐఏ పరిశీలించే ప్రభుత్వ ఆఫీసుకి) ఎలా చెప్తారు? పైగా కెనడా వాళ్లతో ఆ పోస్టు నింపడానికి ఏం చేస్తారో ట్రాన్సిషన్ ప్లాన్ రాసివ్వాలి. 'మీ మెనూలో బిర్యానీ ఎంత, కుక్‌కి 36 ఎలా ఇస్తారు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు పంపండి' అని అడిగితే చాలామంది నోరు అక్కడే పడిపోతుంది. తిరస్కరించినా 1,000 తిరిగి రాదు. ఆ వెయ్యి మీదైతే ఆయనకేం బాధ?

నాకు లో-వేజ్ ఎందుకు వచ్చిందంటే మా టౌన్ ఆ 6 శాతం లిస్టులోని నగరాల్లో లేదు. అయినా సిబ్బందిలో 10 శాతం పరిమితి ఒకటి ఉంటుంది, చిన్న హోటళ్లకి అదొక నరకం. లో-వేజ్ పర్మిట్ కూడా ఇప్పుడు ఏడాదికే. మా కుక్‌కి రానూపోనూ టికెట్టు, ప్రావిన్స్ హెల్త్ కార్డు వచ్చేదాకా ఇన్సూరెన్స్ నేనే పెట్టుకున్నాను, లో-వేజ్‌లో అది తప్పదు. మీ ఓనర్ మీకు టికెట్టు ఇచ్చారా? ఇవ్వకపోతే అదీ రాసుకోండి.

వేరే చోటికి మారాలంటే ఇలాంటి ఊళ్లు చూడండి. చలి ఎక్కువ, మనవాళ్లు తక్కువ. కానీ దారి ఉంది.

ఎడ్మంటన్_రవి

బుల్లోడు గారూ, మీరన్న 'మిగతా కుక్‌ల' సంగతి సరైన ప్రశ్నే. జవాబు కూడా ఉంది. వాళ్లకూ ఇదే జరుగుతుంటే వాళ్లూ విడిగా అప్లై చేసుకోవచ్చు. దేనికో చెప్తాను.

అన్నా, దానిపేరు వల్నరబుల్ వర్కర్ ఓపెన్ వర్క్ పర్మిట్. 2019 జూన్ నుంచి ఉంది. క్లోజ్డ్ పర్మిట్ మీద ఉన్నవాళ్లను యజమాని వేధిస్తుంటే, లేదా వేధించే ప్రమాదం ఉంటే, ఆ ఉద్యోగం వదిలి వేరే ఎక్కడైనా చేసుకోవడానికి ఇచ్చే ఓపెన్ పర్మిట్. కొట్టడమే వేధింపు కాదు. జీతం ఎగ్గొట్టడం, జీతం వెనక్కి అడగడం, పాస్‌పోర్టు లాక్కోవడం, 'నీ పర్మిట్ క్యాన్సిల్ చేయిస్తా' అని బెదిరించడం, ఇవీ లెక్కలోకి వస్తాయి. ఫీజు లేదు. మామూలుగా 12 నెలలకు ఇస్తారు, పొడిగిస్తారని ఆశ పెట్టుకోవద్దు.

నేను ఆల్బెర్టాలో ఒక ఫుడ్ కోర్టులో చేస్తూ ఇది తీసుకున్నాను. మా దగ్గర ఓవర్‌టైమ్ రూలు వేరు, రోజుకి 8 గంటలు దాటినా లెక్కే. ఏ ప్రావిన్స్ రూలు ఆ ప్రావిన్స్‌దే. పర్మిట్ మాత్రం దేశమంతా ఒకటే. కోర్టులోలాగా నేరం రుజువు చేయక్కర్లేదు. జరుగుతోందని నమ్మడానికి తగిన ఆధారం ఆఫీసర్‌కి కనిపిస్తే చాలు. నా దగ్గర ఉన్నవి ఇవి: షెడ్యూల్ ఫోటోలు, పే స్టబ్‌లు, సూపర్‌వైజర్ వాట్సాప్‌లో 'మిగతాది రేపు తీసుకురా' అన్న మెసేజ్, ఇంకా నేను డైరీలో రాసుకున్న గంటలు. ఆ వాట్సాప్ మెసేజే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. ఫోన్‌లో ఇంటర్వ్యూ చేశారు. తేదీలు గుచ్చి గుచ్చి అడిగారు.

వరస మాత్రం తప్పకు. అప్లై చేసేనాటికి క్లోజ్డ్ పర్మిట్ బతికి ఉండాలి, లేదా పొడిగింపు పెట్టుకుని మెయింటెయిన్డ్ స్టేటస్‌లో (నిర్ణయం వచ్చేదాకా పాత హోదానే కొనసాగడం) ఉండాలి. జూలై దాటాక గుర్తొచ్చి లాభం లేదు. ముందు ఆధారాలు, తర్వాత అప్లికేషన్, ఉద్యోగం మానేయడం ఆ తర్వాత. కోపంలో గరిటె విసిరేసి వచ్చేస్తే జీతం ఉండదు, వేరే చోట చేసే హక్కూ ఉండదు.

నిన్ను వెనక్కి పంపించే అధికారం మీ ఓనర్‌కి లేదు. ఉద్యోగం తీసేయగలడు, అంతే. తీసేసినా పర్మిట్ మీద ఉన్న తేదీ దాకా నువ్వు దేశంలో ఉండొచ్చు. అప్లై చేస్తే నీ పేరు ఆయనకు చెప్పరు, కానీ కంపెనీకి ఇన్‌స్పెక్షన్ రావచ్చు. ఇద్దరు ముగ్గురే ఉన్న కిచెన్‌లో ఎవరు చెప్పారో ఆయన ఊహించుకుంటాడు, దానికి సిద్ధపడే ఉండు.

గరిటె_బాబు

అందరికీ చాలా థాంక్స్. జానకి అక్కా, ఆ 318 లెక్క చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. టికెట్టు కూడా నేనే కొనుక్కున్నాను, అది వాళ్లు ఇవ్వాలని ఇప్పుడే తెలిసింది.

ఇంకో రెండు సందేహాలు. రెండో బ్రాంచ్‌లో చేయడం నా తప్పు కిందకి వస్తుందా? కవర్‌లో తీసుకున్న క్యాష్‌కి టాక్స్ కట్టలేదు, కంప్లెయింట్ పెడితే ముందు నన్నే పట్టుకుంటారా? ఇంకా, మా ఆవిడ పర్మిట్ సంగతి, 50 పాయింట్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

జీతాల_జానకి

50 పాయింట్లు లేవు తమ్ముడూ. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లతో పీఆర్‌కి ఎంచే పద్ధతిలో) జాబ్ ఆఫర్ పాయింట్లు 2025 మార్చి 25 నుంచి తీసేశారు. ఎందుకు తీశారంటే సరిగ్గా ఇలాంటి ఎల్‌ఎంఐఏ అమ్మకాలు పెరిగిపోయాయనే. బుల్లోడు గారు చెప్పే ఇళ్లు కొన్నవాళ్లు ఆ పాయింట్లు ఉన్న రోజుల వాళ్లు. పీఆర్ వచ్చాక తవ్వినా మిస్‌రిప్రజెంటేషన్ మీద పోతుందని కూడా ఆయనకి ఎవరైనా చెప్పండి.

మీ ఆవిడ విషయం చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. 2025 జనవరి 21 నుంచి భార్య లేదా భర్తకి ఓపెన్ పర్మిట్ కావాలంటే వర్కర్ చేసే పని టీఈఈఆర్ (ఉద్యోగాలకు కెనడా ఇచ్చే నైపుణ్య స్థాయి) 0 లేదా 1లో ఉండాలి, లేదా 2, 3లలో వాళ్లు ఎంచిన రంగాల్లో ఉండాలి. కుక్ టీఈఈఆర్ 3, ఆ ఎంచిన లిస్టులో లేదు. జీతం 36 అయినా 46 అయినా ఈ రూలు మారదు, అది వృత్తిని చూస్తుంది, జీతాన్ని కాదు. నీ ఓనర్‌కి ఇది తెలియదని నేను అనుకోను.

కాస్త ఊరట ఇచ్చే మాట ఒకటుంది. కుక్‌గా నువ్వు చేసిన అనుభవం కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌కి (కెనడాలో చేసిన పని మీద పీఆర్ ఇచ్చే దారికి) పనికొస్తుంది. గడిచిన మూడేళ్లలో ఏడాది పని, అంటే 1,560 గంటలు కావాలి, నీకు ఎప్పుడో దాటింది. 60 గంటలు చేసినంత మాత్రాన రెట్టింపు లెక్క రాదు, వారానికి 30 గంటల వరకే లెక్క. ఇంగ్లీష్ పరీక్షలో సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి) 5 రావాలి. అర్హత వేరు, పిలుపు రావడం వేరు, పాయింట్ల పోటీ గట్టిగానే ఉంది. కానీ ఆ అర్హత ఇప్పటికే నీ సొంతం, ఓనర్ దయ మీద లేదు. టీ4లు, పే స్టబ్‌లు, కాంట్రాక్టు అన్నీ స్కాన్ చేసి ఈమెయిల్‌లో దాచుకో. ఫోన్‌లోనే ఉంచకు.

రెండో బ్రాంచ్: నీ పర్మిట్ కాగితం తీసి చూడు, ఎంప్లాయర్ పేరు, వృత్తి, పని చేసే చోటు రాసి ఉంటాయి. చాలామంది ఒక్కో బ్రాంచ్‌ని ఒక్కో నంబర్డ్ కంపెనీ (పేరుకు బదులు నంబరుతో రిజిస్టరైన కంపెనీ) పేరు మీద పెడతారు. బోర్డు మీద పేరు ఒకటే ఉంటుంది, కంపెనీ వేరే. రెండు చోట్ల కస్టమర్ బిల్లు తీసుకుని కింద హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను) నంబరు ఒకటేనా కాదా చూడు. వేరే అయితే అది అనుమతి లేని పని కిందకు రావచ్చు. పంపించింది ఆయనే అని చూపించే మెసేజ్‌లు ఉంటే దాచు. దీని మీద మాత్రం నా మాట విని ఊరుకోవద్దు, అప్లికేషన్‌లో ఏం రాయాలో లాయర్‌ని అడుగు. లీగల్ ఎయిడ్ ఆంటారియో డబ్బుతో నడిచే కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌లు ఉన్నాయి, ఆదాయం తక్కువుంటే ఫీజు తీసుకోరు. జీతాల గొడవలకు టొరంటోలో వర్కర్స్ యాక్షన్ సెంటర్ ఉంది. మళ్లీ ఇంకో కన్సల్టెంట్ దగ్గరికి మాత్రం పరిగెత్తకు. వెళ్లాల్సి వచ్చినా, కన్సల్టెంట్లకు లైసెన్స్ ఇచ్చే సంస్థ (దాన్ని 'కాలేజ్' అంటారు) రిజిస్టర్‌లో ఆ మనిషి పేరు ఉందో లేదో ముందు చూడు.

క్యాష్ టాక్స్: తీసుకున్న జీతం చూపించాల్సిందే. గత ఏడాది రిటర్న్ సరిచేసుకునే వీలు ఉంది, నువ్వే ముందు వెళ్లి సరిచేసుకుంటే వాళ్లు పట్టుకునే దాకా ఆగడం కంటే చాలా నయం. మొత్తం ఎంత అవుతుందో నువ్వు రాసుకున్న గంటలు పంపితే నేను చూసి చెప్తాను, ఫీజేమీ అక్కర్లేదు.

ఇప్పుడు తేదీల విషయం, ఇది జాగ్రత్తగా విను. రావాల్సిన జీతం కోసం ఆంటారియో లేబర్ మినిస్ట్రీలో ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ క్లెయిమ్ పెట్టొచ్చు. ఆన్‌లైన్‌లోనే, ఉచితం. కానీ రెండేళ్ల లోపు పెట్టాలి. నువ్వు చేరింది 2024 వేసవి. ఈ వేసవి రాగానే నీ మొదటి వారాల డబ్బు ఒక్కొక్కటిగా గడువు దాటిపోతుంది. వారానికి 318 అని మర్చిపోకు, నువ్వు ఆలోచించుకునే ప్రతి వారం ఖరీదు అది. కన్సల్టెంట్‌కి, యజమానికి అక్రమంగా కట్టిన ఫీజులు ఏమైనా ఉంటే వాటికి మూడున్నరేళ్లు టైముంది, వాటికి తొందర లేదు. క్లెయిమ్ పెట్టినందుకు ఉద్యోగం తీసేస్తే అది మళ్లీ వేరే నేరం. ఈ క్లెయిమ్‌కీ నీ పర్మిట్‌కీ సంబంధం లేదు, మినిస్ట్రీ ప్రావిన్స్‌ది, పర్మిట్ ఫెడరల్‌ది.

బ్రాంప్టన్_బుల్లోడు

పాయింట్లు తీసేసిన సంగతి నాకు తెలుసు, భార్య రూలు తెలియదు. సరే, అది లేకపోతే ఈ బేరంలో బ్రోకి మిగిలేదేం లేదు, ఒప్పుకుంటా. కానీ ఓపెన్ పర్మిట్ 12 నెలలయ్యాక ఏంటి? అది కూడా చెప్పండి, మళ్లీ రోడ్డు మీదేగా.

ఎడ్మంటన్_రవి

ఆ 12 నెలలూ ఊపిరి తీసుకునే టైమే, పరిష్కారం కాదు. ఈ లోపు నిజంగా జీతమిచ్చే యజమానిని వెతుక్కోవాలి. లిస్టులో లేని ఊళ్లలో లో-వేజ్ ఎల్‌ఎంఐఏ ఇంకా వస్తోంది, పైన హోటలు గారు చెప్పినట్టు. ఓపెన్ పర్మిట్ ఉంటే ముందు అక్కడ చేరి పని చూపించి, తర్వాత వాళ్ల చేత ఎల్‌ఎంఐఏ పెట్టించొచ్చు. చేతిలో క్లోజ్డ్ పర్మిట్‌తో ఫోన్‌లో ఉద్యోగం అడిగేవాడికీ, రేపే వచ్చి వండి చూపిస్తా అనేవాడికీ చాలా తేడా. కొత్త ఎల్‌ఎంఐఏ వచ్చాక, పాతది అయిపోకముందే పర్మిట్‌కి అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా స్టేటస్ నిలుస్తుంది. 2020లో తెచ్చిన పబ్లిక్ పాలసీ ప్రకారం, ఐఆర్‌సీసీకి రాసి వాళ్ల దగ్గర్నుంచి అనుమతి ఈమెయిల్ తెప్పించుకుంటే కొత్త యజమాని దగ్గర ముందే మొదలుపెట్టొచ్చు కూడా. ఈమెయిల్ రాకముందు మాత్రం గరిటె పట్టుకోకు.

మూడు_టేబుళ్ల_హోటలు

బాబు గారూ, దోశ, ఇడ్లీ వచ్చా మీకు? మెసేజ్ పెట్టండి. ఎల్‌ఎంఐఏ మాట ఇప్పుడే ఇవ్వను, నాకు 10 శాతం లెక్క సరిపోవాలి. ఓపెన్ పర్మిట్ చేతికి వస్తే మాత్రం మాట్లాడదాం.

గరిటె_బాబు

వచ్చండీ. పిండి కూడా నేనే రుబ్బుతాను.

సోమవారం నాకు సెలవు. ఆ రోజు లీగల్ క్లినిక్‌కి ఫోన్ చేస్తాను. ఓనర్ గారికి ఇప్పటికి 'ఆలోచించి చెప్తా' అన్నాను. పాస్‌పోర్టు మాత్రం రేపే అడుగుతాను. నోటితో అడగనా, మెసేజ్ పెట్టనా? నా ఇంగ్లీష్ అంతంత మాత్రం, ఆ ఫోన్ ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్‌గా ఉంది.

ఎడ్మంటన్_రవి

మెసేజ్ పెట్టు. గొడవగా వద్దు, 'సర్, ఇండియా పని మీద పాస్‌పోర్టు కావాలి, ఎప్పుడు తీసుకోను?' అని చాలు. ఇవ్వనంటే ఆ జవాబు కూడా ఆధారమే, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకో. తెలుగులో పెట్టినా పరవాలేదు, తర్వాత అనువాదం చేయించి పెట్టొచ్చు. ఇంటర్వ్యూకి ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడుగు. ఓనర్ మనిషినో, ఆ కన్సల్టెంట్‌నో మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకు.